ఒకే యుద్ధం, ఎన్నో పటాలాలు

బార్కస్ అనే పేరు

హైదరాబాదు పాతబస్తీలో చాంద్రాయణగుట్ట పక్కన బార్కస్ ఉంది. అక్కడి జామపండ్లకు ఒకప్పుడు నగరమంతా పేరు. ఆ బస్తీకి బార్కస్ అనే పేరు ఎట్లా వచ్చింది?

సిపాయిలు ఉండే వరుస ఇళ్లను ఇంగ్లీషులో బ్యారక్స్ అంటారు. ఆ మాటే జనం నోళ్లలో నలిగి బార్కస్ అయింది. నిజాం ఫౌజులో పనిచేసిన అరబ్బు సిపాయిలు అక్కడ ఉండేవారు. వాళ్ల పెద్దలు యెమెన్ దేశంలోని హద్రమౌత్ నుంచి సముద్రం దాటి వచ్చారు. వాళ్ల పిల్లల పిల్లలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు.

బతుకుతెరువు కోసం సిపాయిలు హైదరాబాదుకు వచ్చారు. అట్లాగే హైదరాబాదు సిపాయిలు బయటి దేశాలకు పోయారు. వాళ్లు ఎవరి కోసం పోయారు? ఎవరి పక్కన నిలబడి పోరాడారు? వెనక మిగిలిన ఇళ్లలో ఏం జరిగింది? ఈ పాఠంలో ఆ సంగతులు ఉన్నాయి.

మిత్రుడు అంటే ఎవరు?

1798లో హైదరాబాదును రెండో నిజాం పాలించేవాడు. ఆయన దగ్గర ఫ్రెంచి అధికారులు నడిపే పటాలం ఒకటి ఉండేది. ఇంగ్లీషు కంపెనీవాళ్లకు అది నచ్చలేదు. ఆ పటాలాన్ని తీసెయ్యమన్నారు. దాని బదులు తమ పటాలం ఉంచుతామన్నారు. నిజాం ఒప్పుకున్నాడు. ఇద్దరూ మిత్రులమని కాగితం రాసుకున్నారు. 1806లో ఇంగ్లీషు పటాలం ఉండే చోటుకు సికింద్రాబాదు అని పేరు పెట్టారు.

పటాలం ఇంగ్లీషువాళ్లది. ఖర్చు మాత్రం నిజాంది. ఆ ఖర్చు కింద 1800లో నిజాం కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలు ఇచ్చేశాడు. వాటినే దత్త మండలాలు అన్నారు. వాటిలో ఎక్కువ భాగం ఇప్పుడు రాయలసీమ. తర్వాత హైదరాబాదు కంటింజెంట్ అని ఇంకో ఫౌజు తయారయింది. దాని జీతాల బాకీ పెరిగి పెరిగి కొండంత అయింది. ఆ బాకీ కింద 1853లో పత్తి పండే బేరారు కూడా ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది.

ఇంటికి కాపలా పెట్టుకున్న మనిషికి జీతం ఇవ్వలేక పొలం రాసిస్తే ఎట్లా ఉంటుంది? ఇదీ అట్లాగే ఉంది. పైగా ఆ కాపలాదారు మాట ఇంటి యజమాని వినాలి.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. అప్పటి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇంగ్లీషువాళ్లకు డబ్బు ఇచ్చాడు, గుర్రపు దళాన్ని పంపాడు. 1918లో వాళ్లు ఆయనకు ఒక బిరుదు ఇచ్చారు. దాని అర్థం 'నమ్మకమైన మిత్రుడు'.

రెండో ప్రపంచ యుద్ధం

1939 సెప్టెంబరులో జర్మనీ దేశం పోలండు మీద పడింది. ఇంగ్లండు, ఫ్రాన్సు జర్మనీ మీద యుద్ధం ప్రకటించాయి. తర్వాత రష్యా, అమెరికా, చైనా వంటి దేశాలు ఇంగ్లండు పక్కన నిలిచాయి. ఈ దేశాలను కలిపి మిత్ర రాజ్యాలు అన్నారు. జర్మనీ, ఇటలీ, జపాను రెండో పక్క నిలిచాయి.

అప్పుడు భారతదేశం ఇంగ్లీషువాళ్ల పాలనలో ఉంది. యుద్ధంలో చేరాలా వద్దా అని ఇక్కడి జనాన్ని ఎవరూ అడగలేదు. ఇంగ్లీషు వైస్రాయి ఒక్కడే ప్రకటన చేశాడు. అందుకు నిరసనగా ఎన్నో రాష్ట్రాల్లో కాంగ్రెసు మంత్రులు రాజీనామా ఇచ్చారు. అయినా జనం ఫౌజులో చేరారు. పని దొరకని ఊళ్లలో సిపాయి జీతం పెద్ద ఆసరా. యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో సుమారు 25 లక్షల మంది ఉన్నారు.

హైదరాబాదు అప్పుడు వేరే సంస్థానం. దానికి సొంత ఫౌజు, సొంత రూపాయి, సొంత తపాలా ఉండేవి. అయినా నిజాం ఇంగ్లండు పక్షమే పట్టాడు. ఇక్కడ కూడా జనాన్ని ఎవరూ అడగలేదు.

విమానం మీద మన ఊరి పేరు

ఇంగ్లండు విమాన దళంలో మూడు దళాలకు హైదరాబాదు పేరు ఉండేది. వాటి అంకెలు 110, 152, 253. 110వ దళానికి విమానాల కోసం నిజాం 1918లోనే డబ్బు ఇచ్చాడు. మిగతా రెండింటికీ ఆ పేరు రెండో యుద్ధం నాటిది.

152వ దళం గుర్తు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ గుర్తులో నిజాం పెట్టుకునే తలపాగా ఉంది. దాని కింద రాసిన మాట 'నమ్మకమైన మిత్రుడు'. 1940లో జర్మనీ విమానాలు ఇంగ్లండు మీద బాంబులు వేశాయి. అప్పుడు ఈ దళం స్పిట్‌ఫైర్ అనే విమానాలతో ఎదురు నిలిచింది. ఆ రోజుల్లో ఇంగ్లండు ఆకాశంలో ఇంగ్లీషువాళ్లు ఒక్కరే పోరాడలేదు. పోలండు, చెకోస్లొవేకియా, కెనడా, న్యూజిలాండు వంటి దేశాల పైలట్లు కూడా వాళ్లతో కలిసి పోరాడారు.

సముద్రం మీద కూడా ఆ పేరు ఉంది. ఆస్ట్రేలియా నావికులు నడిపిన ఒక యుద్ధనౌకకు 'నిజాం' అని పేరు పెట్టారు. 1941లో అది క్రీట్ దీవి నుంచి సైనికులను బయటికి చేరవేసింది. 1945 సెప్టెంబరు 2న జపాను లొంగుబాటు కాగితం మీద సంతకం చేసింది. ఆ రోజు టోక్యో రేవులో ఉన్న ఓడల్లో ఇది కూడా ఒకటి.

విమానం మీద పేరు హైదరాబాదుది. నడిపినవాళ్లు వేరే దేశాలవాళ్లు. ఓడ మీద పేరు నిజాంది. నావికులు ఆస్ట్రేలియావాళ్లు. ఖజానా డబ్బు మాత్రం ఎక్కడిది? శిస్తు కట్టిన రైతుది. నాటు వేసి, కలుపు తీసిన ఆడవాళ్ల కష్టం కూడా అందులో ఉంది.

పేరు ఒకటి, మనుషులు వేరు

ఇంగ్లీషువాళ్ల భారత సైన్యంలో 19వ హైదరాబాదు రెజిమెంటు అని ఒకటి ఉండేది. పాత హైదరాబాదు కంటింజెంటును 1903లో భారత సైన్యంలో కలిపేశారు. ఆ పేరు అట్లా మిగిలింది. కాని రెండో యుద్ధం నాటికి అందులో హైదరాబాదువాళ్లు లేరనే చెప్పాలి. ఉత్తరాది నుంచి వచ్చిన కుమావూనీలు, జాట్లు, అహీర్లు ఉండేవారు. అందుకే 1945లో దాని పేరు కుమావూ రెజిమెంటు అని మార్చారు.

నిజాం సొంత ఫౌజు వేరు. దాంట్లో ఒక పటాలం పేరు ఒకటో హైదరాబాదు ఇన్‌ఫాంట్రీ. ఇన్‌ఫాంట్రీ అంటే కాలినడక సిపాయిల దళం. ఈ పటాలాన్ని మలయా దేశం పంపారు. మలయా ఇప్పుడు మలేషియా దేశంలో ఒక భాగం. మైసూరు, జింద్, కపుర్తలా, బహావల్పూర్ సంస్థానాల పటాలాలు కూడా ఆ దేశం పోయాయి. వాళ్ల ముఖ్యమైన పని విమానాల మైదానాలకు కాపలా కాయడం.

కోట బారులో ఆ రాత్రి

మలయా దేశం ఈశాన్యపు కొసన కోట బారు అనే ఊరు ఉంది. సముద్రం ఒడ్డుకు దగ్గరలో ఒక విమానాల మైదానం ఉండేది. ఒకటో హైదరాబాదు పటాలం దానికి కాపలా ఉంది.

అక్కడ ఎన్ని రకాల మనుషులు ఉన్నారో చూడండి. సముద్రం ఒడ్డున కందకాల్లో డోగ్రా సిపాయిలు ఉన్నారు. వాళ్లది జమ్మూ, కాంగ్రా కొండ ప్రాంతం. వాళ్లకు తోడుగా బలూచ్ పటాలం, సరిహద్దు రాష్ట్రపు పటాలాలు ఉన్నాయి. విమానాలు నడిపేవాళ్లు ఆస్ట్రేలియావాళ్లు. పెద్ద అధికారి ఇంగ్లీషువాడు. మైదానం కాపలా హైదరాబాదువాళ్లది. ఒకరి భాష ఒకరికి రాదు. ఒకరి తిండి ఒకరు తినరు. అందరూ కలిసి ఒకే ఒడ్డును కాపాడాలి.

1941 డిసెంబరు 8. అర్ధరాత్రి దాటింది. జపాను ఓడలు ఒడ్డుకు వచ్చాయి. సైనికులు పడవల్లో దిగసాగారు. అమెరికాలోని పెర్ల్ హార్బర్ మీద జపాను బాంబులు వేసింది ఆ తర్వాతే. గంటకు పైగా తేడా ఉంది. అంటే ఆసియాలో ఈ పెద్ద యుద్ధం మొదలైన చోట్లలో కోట బారు మొదటిది. అక్కడ హైదరాబాదు సిపాయిలు ఉన్నారు.

ఆస్ట్రేలియా విమానాలు జపాను ఓడల మీద బాంబులు వేశాయి. ఒక ఓడ మునిగింది. ఒడ్డున డోగ్రాలు గట్టిగా నిలబడ్డారు. రెండు పక్కలా చాలామంది చచ్చిపోయారు. అయినా జపానువాళ్లు లోపలికి చొరబడ్డారు. సాయంత్రానికి మైదానం మీదికి శత్రువు వచ్చేశాడని పుకారు పుట్టింది. విమాన దళంవాళ్లు మైదానం వదిలి పోయారు. చీకటి, వాన, తుపాకుల మోత. ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియదు. ఆ గందరగోళంలో హైదరాబాదు పటాలం చెదిరిపోయింది. దాని అధికారి కర్నల్ హెండ్రిక్స్ అక్కడే చనిపోయాడు.

వాళ్లను పిరికివాళ్లు అనవచ్చా? అనే ముందు కొన్ని సంగతులు తెలియాలి. మలయాలో ఇంగ్లీషు సైన్యానికి ఒక్క టాంకు కూడా లేదు. మంచి విమానాలు తక్కువ. అనుభవం ఉన్న సిపాయిలను చాలామందిని ముందే వేరే యుద్ధాలకు పంపారు. అడవిలో పోరాడడం కొత్తవాళ్లకు ఎవరూ సరిగా నేర్పలేదు. పక్కన ఉన్న దళం వెళ్లిపోతే ఆ మాట వీళ్లకు చెప్పేవాళ్లు లేరు. ఎన్నో పటాలాలు కలిసి పోరాడాలంటే తుపాకులు ఒక్కటే చాలవు. మాట అందాలి. నమ్మకం ఉండాలి.

సింగపూర్ లొంగిపోయింది

70 రోజుల్లో జపానువాళ్లు మలయా అంతా ఆక్రమించారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. ఇంగ్లీషువాళ్లు, ఆస్ట్రేలియావాళ్లు, భారతీయులు కలిపి సుమారు 85 వేల మంది ఖైదీలయ్యారు. వాళ్లలో భారతీయులు 40 వేలకు పైగా ఉన్నారు.

రెండు రోజుల తర్వాత భారతీయ ఖైదీలను ఫారర్ పార్కు అనే మైదానంలో పోగు చేశారు. మిగతా ఖైదీల నుంచి వాళ్లను వేరు చేశారు. ఇంగ్లీషు అధికారి వాళ్లను జపానువాళ్లకు అప్పగించాడు. కెప్టెన్ మోహన్ సింగ్ లేచి, దేశ స్వాతంత్ర్యం కోసం కొత్త ఫౌజు కడదాం రండి అన్నాడు. అదే ఆజాద్ హింద్ ఫౌజు.

కొందరు చేరారు. దేశం కోసం చేరినవాళ్లు ఉన్నారు. ఖైదు కష్టం తప్పుతుందని చేరినవాళ్లూ ఉన్నారు. కొందరు చేరలేదు. ఒకసారి ఉప్పు తిన్నాక మాట తప్పకూడదని వాళ్లు అనుకున్నారు. చేరనివాళ్లలో వేల మందిని జపానువాళ్లు దూరపు దీవులకు కూలిపనికి తోలారు. న్యూగినియా వంటి చోట్ల చాలామంది ఆకలితో, రోగాలతో చచ్చిపోయారు.

మలయా రబ్బరు తోటల్లో పనిచేసే కూలీల గతి కూడా అంతే. వాళ్లలో తమిళులు ఎక్కువ, తెలుగువాళ్లూ ఉన్నారు. జపానువాళ్లు సయాం నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించారు. 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరుకు ముగించారు. ఆ పనిలో ఇంగ్లీషు, ఆస్ట్రేలియా, డచ్చి ఖైదీలు 12 వేల మందికి పైగా చచ్చారు. ఆసియా కూలీలు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చచ్చారు. ఇంగ్లీషువాడు దొర అయితే, జపానువాడు కొత్త దొర అయ్యాడు.

హైదరాబాదు మనిషి ఆబిద్ హసన్

రెండో పక్క కూడా ఒక హైదరాబాదు మనిషి ఉన్నాడు. ఆయన పేరు ఆబిద్ హసన్. 1911లో హైదరాబాదులో పుట్టాడు. తల్లి పేరు ఫక్రుల్ హాజియా బేగం. ఆమె గాంధీ మాట నమ్మిన మనిషి. విదేశీ బట్టలు విడిచిపెట్టింది. కొడుకుకు దేశం మీద ప్రేమ ఆ ఇంట్లోనే అబ్బింది.

ఆబిద్ హసన్ ఇంజనీరింగు చదవడానికి జర్మనీ పోయాడు. అక్కడ సుభాష్ చంద్రబోసును కలిశాడు. చదువు పక్కన పెట్టి ఆయన వెంట నడిచాడు. 1943 ఫిబ్రవరిలో ఇద్దరూ జర్మనీలో ఒక జలాంతర్గామి ఎక్కారు. జలాంతర్గామి అంటే నీళ్ల లోపల పోయే ఓడ. ఆఫ్రికాను చుట్టి మడగాస్కర్ దాకా వచ్చారు. అక్కడ అలలు పెద్దగా లేస్తున్నాయి. రబ్బరు తెప్ప మీద ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు మారారు. ఆ రెండో జలాంతర్గామి జపానువాళ్లది. మే నెలలో ఒడ్డుకు చేరారు. మూడు నెలల ఆ ప్రయాణంలో బోసు వెంట ఉన్న భారతీయుడు ఆబిద్ హసన్ ఒక్కడే.

ఒక పలకరింపు, ఒక వంట

ఇంగ్లీషువాళ్ల భారత సైన్యంలో కులం, మతం, ప్రాంతం చూసి దళాలు కట్టేవారు. ఈ కంపెనీ సిక్కులది, ఆ కంపెనీ పంజాబు ముసల్మానులది, ఇంకోటి జాట్లది అన్నట్టు ఉండేది. వంటలు వేరు. నీళ్లు కూడా వేరు. పక్కపక్కన చచ్చిపోవచ్చు, పక్కపక్కన కూర్చొని తినకూడదు.

జర్మనీలో ఉన్న భారతీయ ఖైదీలతో బోసు ఒక దళం కట్టాడు. దాంట్లో అందరినీ కలిపి ఉంచాలనుకున్నాడు. అప్పుడు ఒక చిన్న చిక్కు వచ్చింది. ఒకరు రామ్ రామ్ అంటారు. ఒకరు సలాం అంటారు. ఒకరు సత్ శ్రీ అకాల్ అంటారు. అందరికీ సరిపడే పలకరింపు ఒకటి కావాలి. అట్లా పుట్టిన మాట 'జై హింద్'. ఆ మాట చెప్పింది ఆబిద్ హసనే అని చాలామంది చరిత్రకారులు రాశారు. ఇప్పుడు బడిలో పిల్లలు కూడా ఆ మాట అంటున్నారు.

తర్వాత సింగపూర్‌లో ఆజాద్ హింద్ ఫౌజుకు ఒక గీతం కావలసి వచ్చింది. రవీంద్రనాథ్ టాగోరు రాసిన గీతం ఆధారంగా హిందుస్తానీలో గీతం తయారు చేశారు. ఆ పనిలో ఆబిద్ హసన్, ముంతాజ్ హుసేన్ కలిసి పాల్గొన్నారు. రామ్ సింగ్ ఠాకురీ బాణీ కట్టాడు. ఆ ఫౌజులో వంట ఒకటే, పంక్తి ఒకటే. జెండా రంగు గురించి హిందువులకు, ముసల్మానులకు మధ్య వాదం వచ్చి సర్దుకుందని, దాని గుర్తుగా ఆబిద్ హసన్ తన పేరు చివర 'సఫ్రానీ' అని చేర్చుకున్నాడని చెబుతారు. సఫ్రానీ అంటే కాషాయం.

తుపాకీ పట్టిన ఆడవాళ్లు

1943లో సింగపూర్‌లో ఇంకో కొత్త సంగతి జరిగింది. ఆడవాళ్లకు ఒక పటాలం పెట్టారు. దానికి ఝాన్సీ రాణి పేరు పెట్టారు. దాని నాయకురాలు డాక్టర్ లక్ష్మీ స్వామినాథన్. అక్టోబరు 22న శిక్షణ శిబిరం మొదలయింది.

చేరినవాళ్లు వందల మంది. వాళ్లలో ఎక్కువమంది రబ్బరు తోటల కూలీ కుటుంబాలవాళ్లు. తెల్లవారుజామునే లేచి చెట్ల పాలు గీసే చేతులు అవి. ఆ చేతులతోనే తుపాకీ పట్టడం నేర్చుకున్నారు. రోగులకు సేవ చేయడం కూడా నేర్చుకున్నారు. చాలామంది భారతదేశాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. చూడని పుట్టిల్లు కోసం బయలుదేరారు. బర్మా దాకా పోయారు. యుద్ధం ఓడిపోయే దశలో వాళ్లు వెనక్కి నడవాల్సి వచ్చింది.

ఇంఫాల్ కొండల్లో

1944లో జపాను సైన్యం బర్మా నుంచి మణిపురం మీదికి వచ్చింది. వాళ్లతో ఆజాద్ హింద్ ఫౌజు సుమారు 6 వేల మంది వచ్చారు. ఆబిద్ హసన్ కూడా ఆ యుద్ధంలో ఉన్నాడు. ఎదురుగా ఇంగ్లీషువాళ్ల పెద్ద సైన్యం ఉంది. ఆ సైన్యంలో ఎక్కువమంది భారతీయులే. గూర్ఖాలు, ఆఫ్రికా సిపాయిలు కూడా బర్మా యుద్ధంలో ఇంగ్లీషు పక్కన ఉన్నారు.

ఇంగ్లీషు పక్క ఆకాశంలో 152వ దళం విమానాలు ఉన్నాయి. గుర్తులో నిజాం తలపాగా ఉన్న విమానాలు అవే. కింద కొండల్లో హైదరాబాదు మనిషి ఉన్నాడు. ఊరి పేరు పైన, ఊరి బిడ్డ కింద. ఇద్దరిదీ చెరో పక్క.

జూన్ నాటికి వానలు ముదిరాయి. జపాను సైన్యానికి తిండి అందలేదు. స్నేహితుల పటాలానికి అసలే అందలేదు. గడ్డి, ఆకులు ఉడకబెట్టి తిన్నారు. మలేరియా, విరేచనాలు పట్టుకున్నాయి. తుపాకీ దెబ్బతో చచ్చినవాళ్ల కన్నా ఆకలితో, జ్వరంతో చచ్చినవాళ్లే ఎక్కువ. మిగిలినవాళ్లు బురదలో నడిచి వెనక్కి పోయారు. ఆ నడక గురించి ఆబిద్ హసన్ తర్వాత రాశాడు.

పొయ్యి దగ్గరికి వచ్చిన యుద్ధం

యుద్ధం సముద్రం అవతల కదా, ఇక్కడ మనకేం అనుకోవడానికి లేదు. అది వంటింటి దాకా వచ్చింది.

ఆ కాలంలో బర్మా బియ్యం ఓడల మీద వచ్చేవి. 1942లో జపాను బర్మాను ఆక్రమించింది. బియ్యం ఆగిపోయాయి. ధరలు మండిపోయాయి. 1943లో బెంగాలులో ఘోరమైన కరువు వచ్చి లక్షల మంది చచ్చిపోయారు. హైదరాబాదు సంస్థానంలో సర్కారు రైతుల దగ్గర లెవీ ధాన్యం వసూలు చేసింది. పెద్ద దొరలు తప్పించుకున్నారు. చిన్న రైతుల గింజలు పోయాయి. పండించిన ఇంట్లోనే గంజికి కరువయింది. తర్వాత తెలంగాణలో రైతులు తిరగబడడానికి ఆ లెవీ కూడా ఒక కారణం.

రంగూనులో తెలుగువాళ్లు చాలామంది ఉండేవారు. రేవులో మూటలు మోసేవారు. రిక్షాలు లాగేవారు. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కి పోయినందుకు బర్మావాళ్లు వాళ్లను కొరంగీలు అనేవారు. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాయి. లక్షల మంది భారతీయులు ఇంటి దారి పట్టారు. ఓడల్లో చోటు దొరకనివాళ్లు పిల్లలను చంకన వేసుకొని అడవులు, కొండలు దాటి నడిచారు. వేల మంది దారిలోనే పోయారు.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ మీద కూడా జపాను బాంబులు పడ్డాయి.

ఒక ఉత్తరం కథ

ఆ రోజుల్లో సిపాయిలలో చాలామందికి చదువు రాదు. ఇంటికి ఉత్తరం కావాలంటే చదువు వచ్చిన తోటి సిపాయి రాసిపెట్టాలి. తర్వాత సైన్యంలో ఒక అధికారి దాన్ని విప్పి చదివేవాడు. సైన్యం రహస్యాలు ఉంటే కొట్టేసేవాడు. అప్పుడు ఉత్తరం ఊరు చేరేది.

ఊళ్లో భార్యకు చదువు రాదు. పంతులు దగ్గరికో, పోస్టుమాన్ దగ్గరికో పోవాలి. ఆయన నలుగురిలో పైకి చదువుతాడు. మొగుడు రాసిన మాట ఆమె చెవికి చేరేసరికి ముగ్గురు నలుగురు చదివేశారు. ఆమె కడుపులో మాట చెప్పాలన్నా అంతే. నలుగురి ముందు చెప్పగలిగిన మాటలే కాగితం మీదికి ఎక్కేవి. సిపాయి ఖైదీ అయితే ఆ ఉత్తరం కూడా రాదు. బతికి ఉన్నాడో లేడో తెలియకుండా ఏళ్లు గడిచేవి. తాళి ఉంచుకోవాలా తీయాలా అని కూడా చెప్పే దిక్కు లేదు.

యుద్ధం తర్వాత

1945 ఆగస్టులో అమెరికా జపాను మీద రెండు అణుబాంబులు వేసింది. జపాను లొంగిపోయింది. ఆ యుద్ధంలో భారత సైన్యంవాళ్లు సుమారు 87 వేల మంది చనిపోయారు.

ఆజాద్ హింద్ ఫౌజువాళ్లను ఇంగ్లీషువాళ్లు ఖైదు చేశారు. 1945 నవంబరులో ఢిల్లీ ఎర్రకోటలో ముగ్గురు అధికారుల మీద విచారణ మొదలయింది. షా నవాజ్ ఖాన్ ముసల్మాను. ప్రేమ్ సహగల్ హిందువు. గుర్‌బక్ష్ సింగ్ ధిల్లాన్ సిక్కు. వాళ్లను విడిచిపెట్టాలని దేశమంతా జనం వీధుల్లోకి వచ్చారు. శిక్ష వేశారు కాని అమలు చేయలేకపోయారు. ముగ్గురూ బయటికి వచ్చారు.

ఆబిద్ హసన్ కూడా ఖైదు నుంచి విడుదలయ్యాడు. స్వాతంత్ర్యం వచ్చాక దేశం తరఫున రాయబారిగా డెన్మార్క్ వంటి దేశాల్లో పనిచేశాడు. రాయబారి అంటే ఒక దేశం మాటను ఇంకో దేశానికి చెప్పే మనిషి. పదవి అయ్యాక హైదరాబాదు తిరిగి వచ్చాడు. 1984లో చనిపోయాడు.

నమ్మకమైన మిత్రుడు అన్న బిరుదు నిజాంను కాపాడలేదు. 1947లో ఇంగ్లీషువాళ్లు తమ దారిన తాము పోయారు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదుకు వచ్చింది. నిజాం ఫౌజు లొంగిపోయింది. సంస్థానం దేశంలో కలిసింది.

సింగపూర్‌లో క్రాంజి అనే చోట పెద్ద గోడలు ఉన్నాయి. ఇంగ్లీషు సామ్రాజ్యం పక్కన పోరాడి, సమాధి కూడా దొరకని 24 వేల మందికి పైగా సైనికుల పేర్లు వాటి మీద చెక్కారు. ఇంగ్లీషు పేర్ల పక్కన, ఆస్ట్రేలియా పేర్ల పక్కన ఎన్నో భారతీయ పేర్లు ఉన్నాయి. రాజుల బిరుదులు అక్కడ లేవు. సిపాయిల పేర్లు ఉన్నాయి. వాళ్ల ఇళ్లలో ఎదురు చూసిన తల్లుల పేర్లు, భార్యల పేర్లు ఏ గోడ మీదా లేవు. వాళ్లలో చాలామంది ఆ గోడ దగ్గరికి పోలేదు. పోయినా చదవలేకపోయేవారు.

మాట్లాడుకోండి

1. ఇద్దరు మిత్రులైతే ఖర్చు ఒక్కరే పెట్టుకోవడం న్యాయమేనా?

2. సింగపూర్‌లో ఖైదీలైన సిపాయిల్లో కొందరు కొత్త ఫౌజులో చేరారు. కొందరు చేరలేదు. ఎవరి మాట మీకు సబబుగా తోస్తుంది? ఎందుకు?

3. వంట వేరు, నీళ్లు వేరు అనే పద్ధతి మీ బస్తీలో ఎక్కడైనా ఉందా? దాన్ని మార్చడానికి ఏం చేయవచ్చు?

4. మీ ఇంటి పెద్దలను అడగండి. లెవీ రోజుల సంగతి, రంగూను సంగతి, ఫౌజు సంగతి ఎవరైనా చెప్పుకొనేవారా? విన్నది నాలుగు వాక్యాల్లో మీరే రాయండి. ఇంకొకరి చేత రాయించవద్దు.